పొట్టకొచ్చిన పొలం

కేళీలు తీయడానికి నడుం వంచక్కర్లేదు. అయినా సాయంత్రానికి పట్టేసేది నడుమే. లమూన్ మోకాలి లోతు వరిలో నిలబడి, పైరులో కలుపుగా మొలిచి మిగతా వరికంటే జానెడు ఎత్తు పెరిగిన కేళీలను కొడవలితో కోసి, భుజానికి తగిలించుకున్న గోనెసంచిలో వేస్తోంది. ఈ కేళీలు మంచి వరికంటే ముందే ఈని, పండీ పండకముందే గింజ రాల్చేసి, వచ్చే కారుకు పొలమంతా తామే అయి కూర్చుంటాయి. సుఫన్ మైదానంలో ఎక్కడ చూసినా ఇదే గోల. ఒక కారు కోసి, వెంటనే నీళ్ళు పెట్టి, దమ్ము చేసి, ఇంకో కారు చల్లేస్తారు. పొలానికి ఊపిరి తీసుకునే తీరిక లేదు, మనుషులకు అసలే లేదు.

లమూన్ అరవై దాటిన మనిషి. పొట్టిది. తలకు గుడ్డ చుట్టి, దానిమీద తాటాకు టోపీ పెట్టి, చేతులకు చిరిగిన మేజోళ్ళు తొడుక్కుంటే కళ్ళు తప్ప ఇంకేమీ కనబడదు. బురదలో నాని నాని పాదాలు వెడల్పయ్యాయి. ఎడమ మోకాలు లోపలికి ఒరిగింది, అందుకని గట్టు ఎక్కేటప్పుడు ఆ కాలిని చేత్తో పట్టుకుని పైకి పెట్టుకుంటుంది. ఊళ్ళో ఆమె గురించి ప్రత్యేకంగా చెప్పుకునేవాళ్ళెవరూ లేరు. కేళీలకు మనిషి దొరకలేదని ఎవరైనా అంటే, లమూన్ ఉందిగా అంటారు, అంతే.

ఈ పొలం సమ్రాన్‌ది. ఆమె లమూన్‌కు పక్కింటిది, వయసులో పదేళ్ళు చిన్నది. గట్టు మీద గొడుగేసుకుని నిలబడింది. సమ్రాన్ నోరు పెట్టిందంటే కాలవ అవతలి కొంగలు లేచిపోవాల్సిందే. ఆమె పుట్టినప్పటినుంచీ తొందరలోనే ఉంది.

"అక్కా, కాస్త చెయ్యి ఆడించు! ఎండ ముదిరితే నువ్వు కూలబడతావ్, నిన్ను మొయ్యడం నావల్ల కాదు."

"కూలబడితే ఇక్కడే వదిలెయ్. కొంగలు తోడుంటాయ్ లే."

"కొంగలకేం ఖర్మ నీకు తోడుండటానికి! వాటికి పనుంది."

"నాకూ ఉంది పని. మధ్యాహ్నం నా పొలానికి పోవాలి."

"శుక్రవారం కదా, తెలుసులే. పోయినేడు వెలగబెట్టినట్టు మళ్ళీ వెలగబెట్టకు."

లమూన్ ఇంకో కేళీ కోసి సంచిలో వేసింది. ఆ మాట ఎవరన్నా ఆమెకు గుచ్చుకుంటుంది. వరి పొట్టకొచ్చిందంటే నిండు చూలాలితో సమానం. ఆ ఇంటి ఆడది శుక్రవారం నాడు పొలానికి వెళ్ళి, పుల్లటివీ తియ్యటివీ పెట్టి, వరితల్లికి పౌడరు అద్ది, తల దువ్వి, నాలుగు మంచి మాటలు చెప్పి రావాలి. మగవాళ్ళు చెయ్యకూడదు, ఒకరి పొలానికి ఇంకొకరు చెయ్యకూడదు. నిరుడు ఆ శుక్రవారం లమూన్ కూలికి పోయింది. వారం తిరక్కుండా దోమపోటు తగిలి, కోతకొచ్చేసరికి తాలు తప్ప ఏమీ మిగల్లేదు. దోమ అందరి పొలాల్లోనూ పడింది, ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసినంత మాత్రాన మనసు ఊరుకుంటుందా? ఈ కారు కూడా తాలే అయితే కౌలు ఇంకొకరికి ఇచ్చేస్తానని ఆసామి చెప్పేశాడు. వచ్చే శుక్రవారానికి వరికి వెన్ను బయటికొచ్చేస్తుంది. చేస్తే ఇవాళే చెయ్యాలి.

సంచి కట్టేసి ఇంటికి వచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉంది. కాలవ ఒడ్డున కొయ్య స్తంభాల మీద నిలబెట్టిన పాత ఇల్లు. వసారాలో చాప మీద ఆమె మొగుడు థోంగ్‌బై గోడకు ఆనుకుని ఉన్నాడు. ఒకప్పుడు బియ్యం మిల్లులో బస్తాలు మోసిన మనిషి. ఇప్పుడు కాళ్ళూ చేతులూ పుల్లల్లా అయిపోయి, కాలేయం చెడి పొట్ట మాత్రం కుండలా ఉబ్బింది. ఇష్టమైనవి పెట్టమని చెప్పి ఆసుపత్రివాళ్ళు ఇంటికి పంపేశారు. అలా చెప్పారంటే అర్థమేమిటో ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఆ మాట ఎత్తరు.

లమూన్ గంజిలో ఎండు కొర్రమీను చిదిపి నోటికందించింది. రెండు చెంచాలు తాగి చాలన్నాడు. ఊపిరి తీసుకుంటుంటే గొంతులో ఏదో గీరుకుంటున్న చప్పుడు వస్తోంది.

"ఇవాళ నేను పొలం పోను తాతా. నీ ఊపిరి నాకేం నచ్చట్లేదు."

"నా ఊపిరి నీకెప్పుడు నచ్చింది? గురక పెడుతున్నానని పెళ్ళైన కాణ్ణించీ తన్నుతూనే ఉన్నావ్."

"ఎకసెక్కాలాడకు. నిజంగా పోను."

"ఒసే ముసలీ, ఇప్పుడు పొట్టతో ఉన్నవాళ్ళం ఇద్దరం, నేనూ, అక్కడ మన అమ్మాయీ. నాది ఉత్త నీళ్ళ పొట్ట. దానిది నిజం పొట్ట. పో దాని దగ్గరికి."

లమూన్‌కు నవ్వొచ్చింది, నవ్వుతుండగానే ఏడుపు కూడా వచ్చింది. వాళ్ళకు పిల్లల్లేరు. ఏ కారుకు ఆ కారు పొట్టకొచ్చిన వరినే అతను అమ్మాయి అనేవాడు. మొదట్లో ఆమెకు ఆ మాట కష్టంగా ఉండేది. తర్వాత్తర్వాత అలవాటైంది.

"నీకూ పుల్లటివి కావాలా మరి?"

"ఒక తొన పెట్టి పో. దానికంటే ముందు నేను తిన్నానని చెప్పకు, అలుగుద్ది."

పొలానికని సర్దిన బుట్టలోంచి ఒక కమలాపండు తీసి, ఒలిచి, తొన అతని పెదాల మధ్య పెట్టింది. పులుపుకు ముఖమంతా ముడతలు పడేలా కళ్ళు మూసుకుని చప్పరించాడు. ఆ తృప్తి చూసి ఆమెకు కొంచెం ధైర్యం కలిగింది. అంతలో సమ్రాన్ విసనకర్ర పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"నేను కూచుంటాలే అక్కా. నువ్వు బయల్దేరు, త్వరగా! పొద్దు వాలిందంటే చేసినా ఒకటే, చెయ్యకపోయినా ఒకటే."

లమూన్ బుట్ట చంకలో పెట్టుకుని కాలవ వంతెన దాటింది. గట్టు మీద నాలుగుచోట్ల ఆగింది. మోకాలి నొప్పికి ఆగానని తనకు తాను చెప్పుకుంది. పొలం చేరేసరికి గాలి పడిపోయి ఉంది. దుబ్బులన్నీ నిండుగా, బరువుగా, ఆకుల కింద పొట్టలు గుండ్రంగా ఉన్నాయి. వాటిని చూడగానే, ఎంత అలిసిపోయి ఉన్నా, ఆమెకు ముద్దొచ్చింది.

గట్టు మూల వెదురుకర్ర పాతి, దాని మొదట్లో అరిటాకు పరిచి చింతకాయలు, కమలాపండ్లు, చెరకు ముక్కలు పెట్టింది. అగరొత్తులు వెలిగించింది. బలిష్ఠంగా ఉన్న దుబ్బు ఒకటి చూసుకుని ఆకులకు పౌడరు అద్దింది, అత్తరు చిలకరించింది. తల దువ్వుదామని బుట్టలో చెయ్యి పెడితే దువ్వెన లేదు. అన్నీ కొని అదొక్కటే మరిచిపోయింది. తిరిగి వెళ్ళి కొని తేవడానికి కాళ్ళు ఒప్పుకోవు. కొప్పులో గుచ్చుకున్న తన కొమ్ము దువ్వెనే పీకింది. నెరిసిన జుట్టు భుజాల మీద పడింది. ఒకసారి వరితల్లికి ఇచ్చినది వెనక్కి తీసుకోకూడదు. పోతే పోనీ అనుకుంది.

పొట్టకొచ్చిన పొలంలో చెడ్డమాట ఆడకూడదని అక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. చావుకబురు ఎంతటిదైనా గట్టుకు అవతలే ఆగాలి. కంటి నీరు ఆ మట్టిలో పడితే గింజ పాలు పోసుకోదంటారు.

ఆకులు దువ్వుతుండగా వెనక అడుగుల చప్పుడైంది. సమ్రాన్ గట్టు మీదికి వచ్చి నిలబడింది. చేతిలో ఇంకా ఆ విసనకర్రే ఉంది. ఒక కాలికి చెప్పు లేదు.

"అయిందా అక్కా?"

"ఇంకా సగమైనా కాలేదు. ఆయన్ని ఒక్కణ్ణీ వదిలి వచ్చావేంటి?"

"పక్కింటివాళ్ళు ఉన్నారులే."

"గంజి తాగాడా?"

సమ్రాన్ వరిని చూస్తూ చెప్పింది. "ఇప్పుడు బావకు ఆకలి లేదు. నువ్వు కానియ్. నిదానంగా చేసుకో. తొందరేం లేదు."

దువ్వెన పట్టుకున్న చెయ్యి ఆగింది. సమ్రాన్ నోట తొందర లేదన్న మాట లమూన్ ఎన్నడూ వినలేదు. ఆ చెప్పు లేని కాలివంక చూసింది, మళ్ళీ దుబ్బువంక చూసింది. అన్నీ వదిలేసి పరిగెత్తాలని ప్రాణం కొట్టుకుంది. పరిగెత్తి ఏం చేస్తుంది? అతను పొమ్మన్నది ఈ పని మీదే. అతను చెప్పిన ఆఖరి పని ఇది, దీన్ని కూడా సగంలో వదిలేస్తే ఇక బతికున్నన్నాళ్ళూ తనను తాను క్షమించుకోలేదు. కళ్ళలో నీళ్ళు ఊరితే, కిందికి జారకముందే తల పైకెత్తి మణికట్టుతో అద్దుకుంది.

"రా తల్లీ," అంది. "ఎండకు బెదరకు, వానకు బెదరకు. పుల్లటివి తెచ్చా, తిను. కడుపునిండా పాలు పోసుకో. మేమున్నాం నీకు. మేమిద్దరం ఉన్నాం."

గట్టు మీద సమ్రాన్ భుజం మీది గుడ్డ నోట్లో కుక్కుకుంది.

చివరిదాకా దువ్వి, దువ్వెనను ఆ ఆకుల్లోనే గుచ్చి, దణ్ణం పెట్టి, కాలిని చేత్తో ఎత్తి పెట్టుకుని గట్టెక్కింది. ఇద్దరూ గట్టు వెంట కాలవ దాకా నడిచారు. వంతెన అవతలికి దిగాక లమూన్ నేలమీద చతికిలబడింది.

"ఎప్పుడే?"

"నువ్వు వంతెన దాటావో లేదో, అప్పుడే అక్కా. నిద్రలోనే పోయాడు. నేను విసురుతూనే ఉన్నా. నువ్వు పొలం చేరి మొదలెట్టేదాకా కావాలనే ఆగి వచ్చా. ముందే వస్తే మానేస్తావని."

అప్పుడు ఏడ్చింది లమూన్, గొంతెత్తి, దారిన పోయేవాళ్ళు ఆగి చూసేలా ఏడ్చింది.

ఇంటి దగ్గర స్నానం పోసి, తెల్లబట్టలు తొడిగి ఉంచారు. గుడిలో ఇలాంటివన్నీ జరిపించే పెద్దాయన తలదగ్గర కూర్చుని, "దువ్వెన తే అమ్మా. జుట్టు దువ్వి, ఇక దువ్వుకునే పని లేదని ఆ దువ్వెన విరిచెయ్యాలి," అన్నాడు. లమూన్ చెయ్యి అలవాటుగా కొప్పు దగ్గరికి వెళ్ళి, అక్కడ కొప్పే లేక కిందికి జారింది. మా ఇంట్లోంచి తెస్తానని సమ్రాన్ లేవబోయింది.

"వద్దు. ఇన్నేళ్ళూ ఇద్దరం ఒక్కదానితోనే దువ్వుకున్నాం. అది అమ్మాయికి ఇచ్చేశా."

ఆమె చాప పక్కన కూర్చుని, మట్టి ఆరిన వేళ్ళతో థోంగ్‌బై జుట్టు, పోయినవాళ్ళకు దువ్వే తీరున, సగం ముందుకూ సగం వెనక్కూ దువ్వింది. పెద్దాయన జరిగి ఆమెకు చోటిచ్చాడు. విరిచెయ్యాల్సిన దువ్వెన మాత్రం కాలవ అవతల, పౌడరు అద్దిన వరి ఆకుల మధ్య, పళ్ళలో ఒక తెల్ల వెంట్రుకతో విరగకుండా అలాగే ఉంది.