బాలనర్సమ్మ వంతు

"ఇయ్యాల పిండి ఇసురుడు వంతు ఎవలది?" అని పంతులమ్మ జానమ్మను ఆమె అత్త వసారాలోంచి అడిగింది. అడగడం అలవాటే గాని జవాబు అత్తకూ తెలుసు. బాలనర్సమ్మదే.

నకిరేకల్ దగ్గరి ఆ పల్లెలో మిషన్ బడి పెట్టిన నాటి నుంచీ ఆడపిల్లలు వంతులవారీగా పంతులమ్మ ఇంట్లో పనిచేసి పోతారు. గురువు సేవ అంటారు, ఎవరూ తప్పుపట్టరు. జానమ్మ పంతులమ్మగా వచ్చిన కొత్తలో వంతులు సరిగ్గానే నడిచాయి. అయినా కోడికూతకు ముందే లేచి, వాకిలి ఊడ్చి, నీళ్లు మోసి, వండిపెట్టి బడికి పోయేసరికి ఆమెకు కుర్చీలోనే కళ్లు మూతలు పడేవి. భర్త ఇస్రాయేలు ఊరూరా తిరిగి బైబిలు వాక్యం చెప్పే మనిషి. పెళ్లయిన వారానికే, "బడి బయటి ముచ్చట, ఇంట్ల నువ్వు కోడలివే" అన్నాడు. తిన్న పళ్లెం తీయమని ఏ వాక్యంలోనూ ఆయనకు కనబడలేదు కాబోలు. ముప్పై మంది పిల్లల్ని పెట్టుకొని నీ రెక్కలెందుకు విరగ్గొట్టుకుంటవని అత్త అన్న మాట మాత్రం జానమ్మకు తియ్యగా వినబడింది.

బాలనర్సమ్మకు అక్షరాలు ఆలస్యంగా వచ్చేవి, పిండి మాత్రం మెత్తగా వచ్చేది. దిద్దించాలంటే పక్కన కూర్చోవాలి, ఓపిక కావాలి. ఈ పిల్లకు ఎట్లాగూ చదువు అబ్బదని జానమ్మ తనకు తానే చెప్పుకుంది. వారానికి ఒక్క వంతు రెండయింది, రెండు ఆరయింది. మూడేళ్లుగా ఆ పిల్ల పొద్దున్నే బడికి వచ్చి, పలక గోడకు ఆనించి, ఇటు పంతులమ్మ ఇంటికి వస్తుంది.

ఆ మధ్యాహ్నం జానమ్మ తినడానికి ఇంటికి వచ్చినప్పుడు, పిల్ల తల్లి సుక్కమ్మ సీతాఫలాల గంపతో వచ్చింది. ఆమె ఊరి దొర ఉండే కోటలాంటి గడిలో కూలి లేని వెట్టి చేస్తుంది. రేపు మిషన్ తెల్ల దొరసాని పరీక్ష తీసుకోవడానికి వస్తుందనీ, చదవగలిగిన పిల్లల్ని నల్లగొండ బోర్డింగుకు పంపుతుందనీ విన్నదట. పిల్ల చేతికొచ్చింది గదా, గడికి ఎప్పుడు పంపుతవని దొర మనిషి కూడా అడుగుతున్నాడట.

"చదివే పిల్ల, గడికి రాదని చెప్పిన వానికి. వెట్టి నాతోనే ఆగాలె పంతులమ్మా."

లోపల ఇసుర్రాయి ఆగింది. చేతుల నిండా పిండితో బాలనర్సమ్మ బయటికి వచ్చి తల్లిని చూసి నవ్వింది. ఇయ్యాల నీ వంతా బిడ్డా అని సుక్కమ్మ అడిగింది.

"రోజు నాదే అవ్వా. నా అంత మంచిగ ఎవ్వరు ఇసరరు."

సుక్కమ్మ కాసేపు బిడ్డ చేతుల్నే చూసింది. తిడుతుందనుకుంది జానమ్మ. తిట్టినా బాగుండేది. సుక్కమ్మ కొంగు నడుముకు చుట్టి, లోపలికి నడిచి, రాయి ముందు కూర్చుంది.

"నువ్వు బడికి పో బిడ్డా. పంతులమ్మ ఇంటి వెట్టి గూడ నేనే చేస్త."

అందులో ఎత్తిపొడుపు లేదు. గడిలో దొర భార్యతో ఎంత వినయంగా మాట్లాడుతుందో అంతే వినయంగా అంది. జానమ్మకు సిగ్గేసింది. మొగుణ్ణి అడగలేక, అత్తకు ఎదురు చెప్పలేక, తన నెత్తి మీది బరువు దించుకోవడానికి తను వెతుక్కున్నది పదేళ్ల పిల్ల నెత్తిని.

ఆమె సుక్కమ్మ చేయి పట్టి లేపింది. మరి రొట్టెలెట్లా అని అత్త వసారాలోంచి సణిగింది.

"నీ కొడుకొచ్చినంక ఇద్దరు కూసొని ఇసురుకోండ్రి అత్తా. నాకు బడి ఉంది."

పిల్లను తీసుకుని బడికి నడిచి, కుర్చీ వదిలి బాలనర్సమ్మ పక్కనే నేల మీద కూర్చుంది. ఒక్క పూటలో చదువు రాదని జానమ్మకు తెలుసు. ఇంకో ఏడాది గడువు అడగాలి. అడిగితే ఎందుకని దొరసాని అడుగుతుంది. నిజం చెబితే తన ఉద్యోగం పోవచ్చు, మిషన్‌లోనే ఉన్న ఇస్రాయేలుదీ పోవచ్చు. వెంట వచ్చిన సుక్కమ్మ బడి గుమ్మంలోనే నిలబడి, రేపు దొరసాని అడిగితే పిల్ల ఏమని చెప్పాలని అడిగింది.

"పిల్ల కాదు, నేను చెప్త సుక్కమ్మా. మూడేండ్ల సంది పిల్ల దినాం బడికొచ్చింది, పంతులమ్మే దాని దగ్గరికి రాలేదని."