నలభై రెండు రాళ్ళ వరుస

తిరుమలగిరి సైనిక శిబిరంలో సిపాయి కాలేబుకు డిసెంబరు ఉదయాలన్నీ ఒక్కటే. ఐదున్నరకు విజిలు మోగగానే లేవడం, చన్నీళ్ళతో గడ్డం గీసుకోవడం, బూట్లకు మెరుగు పెట్టడం, హాజరీలో నిలబడి నంబరు పలకడం, ఆ తరువాత వంటశాల వెనక్కి వెళ్ళి రాళ్ళను తెచ్చుకోవడం.

ఆఫీసుకు పోయే దారి వెంట సున్నం పూసిన నలభై రెండు రాళ్ళు సమానమైన ఎడంతో నిలవాలన్నది ఆ పటాలం రివాజు. ఎండాకాలమంతా అవి బుద్ధిగానే ఉండేవి. చలి ముదిరిందంటే మాత్రం, తెల్లవారేసరికి వరుస విడిచి వంటశాల పొయ్యి గోడకు చేరి, కోడిపిల్లల్లా ఒకదానినొకటి ఆనుకొని కనబడేవి. వంటవాళ్ళు వాటిని దాటుకొని నీళ్ళు మోసేవారు. ఒక ఏడు సిమెంటు పెట్టి చూశారు. సిమెంటుతో సహా వెళ్ళాయి. వాటిని మోసుకొచ్చి, తాడు పట్టి సరిచేసి, మళ్ళీ సున్నం పూయడం ఈ ఏడు కాలేబు వంతు.

రాళ్ళ బరువుకు కాదు, ఆ పనికి అంతులేకపోవడానికి అతని ప్రాణం విసిగిపోయింది. ఇల్లు చూస్తే బొల్లారంలో, గట్టిగా నాలుగు కిలోమీటర్లు. కశ్మీరులో ఉన్న రెండేళ్ళూ దూరమని సరిపెట్టుకున్నాడు; ఇక్కడ ఏమని సరిపెట్టుకోవాలి? కూతురి బాప్తిస్మం అతని కోసం ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. తండ్రి వచ్చినా రాకపోయినా ఈ ఆదివారం తొమ్మిదింటికి జరిపించేస్తానని పాస్టరుగారు తేల్చిచెప్పారు. భార్య జెనిఫర్ ఫోనులో ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చేవాడు.

"నువ్వు రాకుంటే పాపను మా అన్న ఎత్తుకుంటడు. ఫొటోల నీ జాగా ఖాళీగ ఉంచుతలేము, ముందే చెప్తున్న," అంది.

శుక్రవారం సుబేదారు తిరుమల్ ఆదివారం ఇంటికి పోవడానికి అతను పెట్టుకున్న అవుట్‌పాస్ కాగితం సాంతం చదివి, మడిచి, సంతకం పెట్టకుండానే తిరిగి ఇచ్చాడు.

"సోమవారం జనరల్ సాబ్ వస్తుండు. పొద్దుగాల ఒక్కనాడన్న ఆ రాళ్ళు లైన్ల ఉన్నయా? ఉన్ననాడు పోదువుగాని."

"అవి నా మాట వినయి సాబ్."

"నువ్వు నా మాట ఇంటలేవా? గట్లనే ఇనిపియ్యి."

శనివారం మధ్యాహ్నం కాలేబు సున్నం బకెట్టు ముందు కూర్చున్నాడు. చన్నీటి పూత తగిలినప్పుడల్లా రాళ్ళు వణకడం మూడు వారాలుగా చూస్తూనే ఉన్నాడు. ఆ రోజు ఓర్వలేక వంటశాల నుంచి వేడినీళ్ళు అడిగి తెచ్చి కలిపాడు. కుంచె ఆడిస్తూ, మనుషులతో అనలేనివన్నీ వాటితో అన్నాడు: బాప్తిస్మం సంగతి, తొమ్మిది గంటల సంగతి, బావమరిది నిలబడబోయే ఆ జాగా సంగతి. తిట్టాడు కూడా. మీకు పొయ్యి ఉంది, నాకేదని అడిగాడు. గుమ్మడికాయంత చిట్టచివరి రాయి పూత ఆరేదాకా అతని బూటుకు ఆనుకొనే ఉంది.

ఆదివారం ఉదయం పొయ్యి గోడ దగ్గర ఒక్క రాయీ లేదు. దారి వెంటా లేదు. అవి తెల్లవారుజామునే ఒకదాని వెనుక ఒకటి బయటికి వెళ్ళాయనీ, ఆపమని తనకు ఉత్తర్వు లేదనీ గేటు కాపలాదారు విన్నవించి రిజిస్టరు చూపించాడు. 'రాళ్ళు, నలభై రెండు, బయటికి' అని రాసి ఉంది.

తిరుమల్ ఆ పంక్తిని చాలాసేపు చూశాడు. తరువాత డ్యూటీ చిట్టీ మీద సంతకం పెట్టి కాలేబు చేతికిచ్చాడు.

"సర్కారు సామాను. రేపటికల్ల లైన్ల ఉండాలె. ఏడికి పోయినయో ఆడికి పో. అన్ని దొరికినదాంక రాకు."

గేటు దాటగానే మొదటి రాయి కనబడింది. మరో వంద గజాలకు రెండోది. తాడు పట్టినా తాను ఏనాడూ నిలపలేనంత తీరైన వరుస అది. బొల్లారం వైపు సాగింది. కాలేబు మొదట నడిచాడు, తరువాత పరుగెత్తాడు. వరుస చర్చి మెట్ల దగ్గర ఆగింది. లోపల ఇంకా మొదటి పాట పాడుతున్నారు.

జెనిఫర్ అతన్ని పైనుంచి కిందికి చూసింది. అన్న చేతిలోంచి పాపను తీసుకుంది.

"చేతులకు సున్నం ఉంది. కడుక్కొని రా," అంది.

ఆనాటి ఫొటోలో కాలేబు యూనిఫారంలోనే పాపను ఎత్తుకొని నిలబడ్డాడు. గుమ్మడికాయంత తెల్లరాయి ఒకటి అతని బూటుకు ఆనుకొని ఉంది. ఫొటోగ్రాఫరు దాన్ని తీసేయమనలేదు. దాన్నే కాస్త ముందుకు జరగమన్నాడు.