పిట్టగోడ దాటిన లేసు సూది

నేను ఒక లేసు సూదిని. సూది అంటారు గానీ నాకు బెజ్జం లేదు, కొసన చిన్న కొక్కెం ఉంది. నరసాపురం బజారులో దయామణి నన్ను పది సూదుల్లోంచి ఏరి, గోటి మీద గీసి చూసి మరీ కొనుక్కుంది. ఆ రోజు పొంగిపోయాను.

దయామణి పువ్వులు అల్లేది. వాటిని అతికి బల్లగుడ్డగా చేసేది పిట్టగోడ అవతలి పేరంటాలు. మా దగ్గర పని అలాగే నడుస్తుంది, పువ్వు ఒకరిది, అతుకు ఇంకొకరిది. ఎంత అల్లినా దళారి ఇచ్చిందే ధర. విసిగిపోయి దయామణి చిన్న వ్యాపారుల సంఘంలో చేరింది. అక్కడ కొబ్బరిపీచు చాపలు ఎగుమతి చేసే భద్రంగారు ఆమె లేసు చూసి ముచ్చటపడి, డెన్మార్కులో తన చాపలు కొనే దుకాణదారు ఇంగ్రిడ్‌కి ఫొటోలు పంపారు. ఎవరు అల్లారని ఆవిడ అడిగింది.

"మొత్తం నేనేనండి" అనేసింది దయామణి.

ఓరి దేవుడా! గుడ్డ పూర్తిచేసేది పేరంటాలని తెలిస్తే ఆర్డరు నేరుగా ఆవిడకే పోతుందని దయామణి భయం. సముద్రం దాటబోతున్న మనిషికి పిట్టగోడ అడ్డొచ్చింది.

మర్నాడు వీడియో కాల్. ఇంగ్రిడ్ మాటల్ని పక్కన కూర్చున్న భద్రంగారు తెలుగులో చెప్పారు. "ఇంత సమంగా ఉంటే యంత్రం పనేమోనని ఆవిడ అనుమానం. ఇప్పుడు ఓ చిన్న గుడ్డ చేసి చూపిస్తేనే ఆర్డరట."

నాలుగు పువ్వులూ చకచకా అల్లేశాం. అతుకు దగ్గర ఆమె వేళ్లు ఆగిపోయాయి. చెమటకి నేను జారిపోతున్నాను. ఆర్డరొస్తే దయామణితో కలిసి అల్లబోయే పన్నెండు మంది ఆడవాళ్ల పని ఆ ఒక్క అతుకు మీద ఉంది.

దయామణి గోడ దగ్గరికి పరిగెత్తింది. "ఒదినా! నీ పేరు చెప్పకుండా దాచేశాను. తప్పైపోయింది, ఒక్కసారి రా!"

"గోడవతల నించి అన్నీ ఇనపడతానే ఉన్నాయిలే. ఎప్పుడు పిలుత్తావా అని కూచున్నాను. జరుగు, ఆ సూది ఇటియ్యి" అంటూ గోడ దాటి వచ్చేసింది పేరంటాలు.

ఆ వేళ్లకి నేను కొత్త. అయినా ఎంత ఒడుపు! గుడ్డ పూర్తయ్యేలోగా భద్రంగారు సంగతంతా ఇంగ్రిడ్‌కి చెప్పేశారు, ఆవిడ చప్పట్లు కొట్టింది. మూడొందల బల్లగుడ్డలు కావాలి, వాటి చీటీల మీద ఇద్దరి పేర్లూ ఉండాలంది. తర్వాత ఆవిడే తన స్నేహితుల దుకాణాలకు మా లేసు చూపించింది, దయామణి పక్క ఊళ్లవాళ్లను సంఘంలో చేర్పించింది. పన్నెండు మంది అరవై అయ్యారు.

నా కొక్కెం అరిగిపోయాక ఇంగ్రిడ్ దయామణిని అడిగి నన్ను తెప్పించుకుంది. ఇప్పుడు డెన్మార్కులో, ఆవిడ దుకాణం అద్దాల పెట్టెలో దర్జాగా ఉన్నాను. నా కింద చీటీ మీద ఏ పేరు ముందుండాలో దయామణే రాసి పంపింది: పేరంటాలు, దయామణి.