కరిచే కుళాయి

"ఈ పైవాటా సొంతానికి వాడుకుంటున్నారా, అద్దెకిచ్చారా?" అని కరెంటు ఇన్‌స్పెక్టరు గుమ్మంలో నిలబడి అడిగాడు. అంత చిన్న ప్రశ్నకి ఆ ఇంట్లో ముగ్గురూ మూడు వైపులకి చూశారు. టైలరమ్మ తమ్ముడి వైపు చూసింది, తమ్ముడు నేల వైపు చూశాడు, మరదలు మాత్రం ఇన్‌స్పెక్టరు చేతిలోని మీటరు వైపు చూసింది.

ఇల్లు టైలరమ్మది. కింది వాటాలో ఆమె, ఆమె మోటారు మిషనూ ఉంటారు. పైవాటాలో తమ్ముడూ, మరదలూ. తమ్ముడు బస్సు డిపోలో మెకానిక్కు. పెళ్ళయిన కొత్తలో "నాలుగు రోజులుండి వెళ్తాం అక్కా" అని వచ్చాడు, ఆ నాలుగు రోజులు ఏళ్ళ తరబడి సాగుతూనే ఉన్నాయి. నెల మొదట్లో సరుకుల సంచీ మోసుకొచ్చి అక్క వంటింట్లో దించి వెళ్తాడు. దాన్ని అద్దె అని అతను ఏనాడూ అనలేదు. ఎవరైనా అని ఉంటే టైలరమ్మ వాళ్ళ నోరు మూయించి ఉండేది.

"ఎందుకడుగుతున్నానంటే, అద్దె ఇళ్ళకి తనిఖీ తప్పనిసరి" అన్నాడు ఇన్‌స్పెక్టరు. అతనికి జలుబు చేసింది, మాటమాటకీ ముక్కు ఎగబీలుస్తున్నాడు. "ప్రమాదం ఉందని తేలితే బాగుచేసేదాకా మనుషులు అందులో ఉండకూడదు. ఓనరే ఉండే ఇల్లయితే ఏదో నాలుగు సలహాలు చెప్పి వెళ్ళిపోతాం. మీ ఇష్టం, మీ ప్రాణం. ఇక్కడ అద్దెకుంటున్నామని చెప్పి రమ్మన్నారు మరి."

"అద్దెకా? ఎవరన్నారా మాట?" అంది టైలరమ్మ.

"నేనే ఫోన్ చేశాను వదినా" అంది మరదలు.

టైలరమ్మకి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. సొంత మరదలు అద్దెకున్నదాన్నని ఊరికి చెప్పుకుందా! తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు. అతనికీ ఇప్పుడే తెలిసిందని ఆ మొహం చూస్తే ఎవరైనా చెప్పేస్తారు.

గొడవంతా పైన అంట్లు తోముకునే చోట ఉన్న కుళాయిది. అది కరుస్తుందని మరదలు అంటుంది. ముట్టుకుంటే వేళ్ళు చురుక్కుమంటాయట, ఒక్కోసారి భుజం దాకా లాగేస్తుందట. మిగతా ఎవరినీ కరవదు. తమ్ముడు పొద్దున్నే దాని కిందే స్నానం చేసి డిపోకి పోతాడు, సాయంత్రం వచ్చి కాళ్ళు కడుక్కుంటాడు, ఏనాడూ ఏమీ కాలేదు. మరదలు పిలిచినప్పుడల్లా టైలరమ్మ పైకెక్కి, అరచేయి మొత్తం ఆనించి చూసింది. "ఏదే, చల్లగా ఉంది కదా!" అని దిగి వచ్చింది. ఎలక్ట్రీషియన్ని పిలిపిస్తే ఆమే వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది. అతనూ పెదవి విరిచాడు. ఒకరోజు మరదలు భయపడి పైవాటా మెయిను మొత్తం ఆపేసి కుళాయి ముట్టుకుందట, అప్పుడూ కొట్టిందట. ఆ కథ విని టైలరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. కరెంటు ఆపేశాక కూడా కరెంటు కొట్టడమేమిటి, విడ్డూరం కాకపోతే!

నవ్వింది గానీ, లోపల ఆమెకి భయం పట్టుకుంది. ఇదంతా తోడబుట్టినవాణ్ణి తన దగ్గర్నుంచి విడదీసి తీసుకుపోవడానికి వేసిన ఎత్తని ఆమె నమ్మకం. ఆ నమ్మకం వట్టిది కూడా కాదు. మొగుడూ పెళ్ళాలిద్దరూ రెండు వీధుల అవతల ఓ ఇల్లు చూసి వచ్చారు. వస్తామో రామో సాయంత్రంలోగా చెప్పాలి. తమ్ముడు మింగలేక కక్కలేక తిరుగుతున్నాడు.

"చూడండి. కుళాయి బాగానే ఉందని ఈయన చెబితే ఇక ఆ మాట ఎత్తను" అంది మరదలు. "నాకే మతి చెడిందనుకోండి. కానీ ఈ ఇంట్లో మాత్రం ఉండను."

"ముందు చూస్తాను, సొంతమా అద్దెనా అన్నది తర్వాత రాసుకుంటాను" అని ఇన్‌స్పెక్టరు మెట్లెక్కాడు.

టైలరమ్మ మిషను స్విచ్చు ఆపి వెనకే వెళ్ళింది. అది ఆమె అలవాటు. కుర్చీలోంచి లేస్తే చేయి దానంతటదే స్విచ్చు మీదకి పోతుంది. గుమ్మంలోకి వెళ్ళి పూలకుండీలో నీళ్ళు పోసి వచ్చే పాటి పనికైనా ఆపాల్సిందే.

ఇన్‌స్పెక్టరు మీటరు తీగ ఒకటి కుళాయికి, ఒకటి తడి నేలకి ఆనించాడు. మీటరు కిక్కురుమనలేదు. పైవాటా మెయిను ఆపి చూశాడు, మళ్ళీ వేసి చూశాడు. గోడంతా తడిమాడు. ఏమీ లేదు.

"కుళాయి బ్రహ్మాండంగా ఉందండి" అన్నాడు.

టైలరమ్మకి గెలిచినంత సంబరం వేసింది. మరుక్షణం మరదలి మొహం చూస్తే ఆ సంబరం గొంతులోనే ఆగిపోయింది. ఆ పిల్ల ఏడవడం లేదు, వాదించడం లేదు. తల ఒకసారి ఊపి, గదిలోకి వెళ్ళి బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. గెలిస్తే తమ్ముడు ఉంటాడనుకుంది గానీ, గెలవడమంటే వాళ్ళు వెళ్ళిపోవడమేనని టైలరమ్మకి అప్పుడు తట్టింది.

ఇంతలో కింద నుంచి కేక. హోటలు ఆయన పరదాల కోసం వచ్చాడు. ఒక్క అంచు కుట్టాలి, అంతే. ఆమె దిగి వెళ్ళి, కూర్చుని, స్విచ్చు వేసింది. నాలుగు కుట్లు పడ్డాయో లేదో, పైనుంచి మీటరు కీచుమని మోత, ఇన్‌స్పెక్టరు అరుపు.

ఆమె స్విచ్చు ఆపి మెట్లన్నీ ఎక్కింది. పైన మీటరు మౌనంగా ఉంది. ఇన్‌స్పెక్టరు దాన్ని రెండు దెబ్బలు కొట్టి, కుళాయి వైపు అనుమానంగా చూశాడు.

"సామాను సర్దుకుంటూ ఇంకోసారి ఆనించానండి. ఇప్పుడే అరిచింది. మీరు కూడా విన్నారుగా?"

"విన్నాను. మరి ఇప్పుడేమైంది?"

"అదే తెలియట్లేదు."

మీటరు బ్యాటరీ మార్చాడు. ఏమీ లేదు. టైలరమ్మ దిగింది, స్విచ్చు వేసింది, మళ్ళీ పైన మోత. ఆపి పరిగెత్తింది, మళ్ళీ మౌనం. మూడోసారి దిగేసరికి ఆమెకి ఆయాసం, తల తిరుగుడు, ఏ మెట్టు మీద ఉందో కూడా అర్థంకాని పరిస్థితి. "ఏమ్మా, నా పరదాలు పట్టుకున్నప్పుడల్లా మీ ఇంట్లో కేకలేమిటి?" అని హోటలు ఆయన తలుపు దగ్గరికి జరిగి నిలబడ్డాడు.

ఇన్‌స్పెక్టరు మెట్ల మీదకొచ్చి కిందికి వంగాడు. "అమ్మా, మీరు కిందికెళ్ళి ఏం చేస్తున్నారు?"

"ఏం చేస్తాను నాయనా, మిషను కుడుతున్నాను."

"నేను చెప్పాను కదా వదినా" అని అతని వెనక నుంచి మరదలి గొంతు వినిపించింది. "మీరు మిషను వేసినప్పుడే కరుస్తుందని."

అవును, చెప్పింది. ఎప్పుడో ఒక మధ్యాహ్నం వచ్చి చెప్పింది. టైలరమ్మ అంతెత్తున లేచింది. "చివరికి నా పొట్టకూటి మీద పడ్డావా? మిషను మూలపడేస్తే గానీ నీకు నిద్ర పట్టదా?" అంది. ఆ తర్వాత ఆ పిల్ల మళ్ళీ ఆ మాటెత్తలేదు.

"ఈసారి స్విచ్చు ఆపకుండా రండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

చెప్పినంత తేలిక కాదది. కుర్చీలోంచి లేవగానే కుడిచేయి స్విచ్చు మీదకి పోయింది. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని, దొంగని స్టేషనుకి లాక్కెళ్ళినట్టు తన చేతిని తానే లాక్కుంటూ మెట్లెక్కింది. పైన మీటరు ఆగకుండా కూస్తోంది.

అది వింటూ కూడా ఆమెకి నమ్మకం కుదరలేదు. ఇన్నిసార్లు ముట్టుకున్న కుళాయి! "ఏదీ..." అంటూ చేయి చాచింది. మరదలు ఒక్క దూకున వచ్చి ఆమె మణికట్టు పట్టుకుని వెనక్కి గుంజింది. ఇద్దరూ గోడకి కొట్టుకున్నారు.

"ముట్టుకోకండి వదినా!"

తమ్ముడు కింద మిషను స్విచ్చు ఆపి వచ్చాక ఇన్‌స్పెక్టరు కుళాయి పక్కన పలక ఊడదీశాడు. లోపల ఓ తీగ కొస కోసి ఉంది, తడిసిన సున్నంలో గొట్టాన్ని ఆనుకుని. దాన్ని చూడగానే తమ్ముడు నుదుటి మీద చేయి పెట్టుకున్నాడు. వాళ్ళు కొత్తగా వచ్చినప్పుడు పైవాటాకి ఇంకా కరెంటు మీటరు రాలేదు. కొత్త దంపతులు చీకట్లో ఉంటారా అని టైలరమ్మే తన మిషను స్విచ్చు నుంచి పైకి లైను లాగించింది. లాగినవాడు తమ్ముడే. మీటరు వచ్చాక పైకొస కోసేసి, పలక అతికించేశాడు. కిందికొస స్విచ్చులోనే ఉండిపోయింది. ప్రేమగా పంపిన లైను, ఇద్దరూ సుబ్బరంగా మర్చిపోయారు. పైవాటా మెయిను ఆపితే అదెలా ఆగుతుంది? అది పైవాటా కరెంటే కాదు.

"మరి ఇప్పుడు చెప్పండి" అని ఇన్‌స్పెక్టరు ముక్కు తుడుచుకున్నాడు. "సొంతమా, అద్దెనా?"

"సొంతమే రాయండి సార్" అన్నాడు తమ్ముడు గబగబా. "మా అక్క ఇల్లు. ఆ తీగ రేపు నేనే పీకేస్తాను."

టైలరమ్మకి ప్రాణం లేచొచ్చింది. సొంతమని రాస్తే ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు. సరే అనబోయింది. అప్పుడే మరదలు తడి వేళ్ళని తువ్వాలుతో తుడుచుకోవడం కంటబడింది. తుడిచిన వేళ్ళనే మళ్ళీ మళ్ళీ తుడుచుకుంటోంది. ఈసారీ మాట్లాడలేదు. మాట్లాడి ఏం లాభమనుకుందో ఏమో.

"అద్దెకనే రాయండి" అంది టైలరమ్మ. అన్నాక, ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమెకే అనుమానం కలిగింది.

"అక్కా! నేను నీకు అద్దెకున్నవాడినా?"

"తమ్ముడివనే కదరా ఇన్నాళ్ళూ ఎవర్నీ పిలిచి సరిగ్గా చూపించలేదు! వేరే ఎవరో అద్దెకుండి చెబితే ఈపాటికి గోడ పగలగొట్టించేదాన్ని. నాకేం తోచట్లేదురా. కానీ అద్దెకనే రాయనీ."

ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. గోడల్లో తీగలన్నీ విప్పి చూసేదాకా పైవాటా ఖాళీగా ఉండాలన్నాడు. తమ్ముడు అక్కతో మాట్లాడకుండా పెట్టెలు ఆటోలో సర్దాడు. టైలరమ్మ గేటు దగ్గర నిలబడింది. లోపలికి పోవాలో, సాయం పట్టాలో, ఏడవాలో ఆమెకి అర్థం కాలేదు. చివరి సంచీతో మరదలు వచ్చింది.

"అమ్మాయ్, నీ చేయి ఎలా ఉంది?"

"ఇన్నేళ్ళకి అడిగారు" అంది మరదలు. కోపంగా అనలేదు. "నేను చెబితే నమ్మలేదు. మీటరు కూస్తే నమ్మారు."

టైలరమ్మ మొహం తిప్పుకుని గేటు గడియ తీసింది. "గోడ బాగుచేయించాక నిన్ను రమ్మని పిలవను. ఏ మొహం పెట్టుకుని పిలుస్తాను?"

మరదలు ఆటో ఎక్కబోతూ ఆగింది.

"పిలవండి వదినా. నేను రాకపోవచ్చు. కానీ పిలవాల్సింది మీరే."