నిపుణుడి భుజం మీద పట్టుపొర

నేను ఒక పట్టుపొరను, ఉల్లిపొర కన్నా పలుచని ముక్కను. నాలోని పోగంత సన్నం కావాలంటే వెంట్రుకను నిలువునా కొన్ని వందలుగా చీల్చాలి. పురుగు తన కోసం కట్టుకున్న గూటిని మనిషి తనదనుకోవడంతో నా కథ మొదలైంది.

పరిశోధక విద్యార్థిని సులోచన హిందూపురంలో గూళ్లు కొని, సోడాలో ఉడికించి జిగురు వదిలించింది. ఘాటైన ఉప్పునీళ్లలో కరిగించి, ఆరబెట్టి, చీమ కుట్టినచోట మండించే ఆమ్లంలో మళ్లీ కరిగించింది. చివరికి సూది మొన నుంచి వేల వోల్టులతో లాగి రేకు మీద పరిచింది. ఈ చిత్రహింసను వాళ్లు 'శుద్ధి' అంటారు. కాలిన గాయాలను నేను మాన్పుతానని ఆమె నమ్మకం. నమ్మకం ఆమెది, ఉడికింది నేను.

ఆ రోజు రాజధాని నుంచి నిపుణుడొచ్చాడు. ఆయన నన్ను చూసి సరేనంటేనే ఆమె పని సాగుతుంది. లేకపోతే నన్ను లాగిన యంత్రం వేరే విభాగానికి పోతుంది. కానీ మనుషులు చూడటానికి వచ్చిన చోట కూడా ముందు తాము కనిపించాలనుకుంటారు. ఆమె గురువు, ఆచార్య ఓబుళరెడ్డి, నిపుణుడికి శాలువా కప్పాడు.

"అచ్చమైన ధర్మవరం పట్టు సార్!"

నా వాళ్లెవరో నాకు తెలియదా? అది పాలిస్టర్.

"సార్‌కు ఉక్క పోస్తాండాది. ఫ్యాన్ ఎయ్యండప్పా!" అని ఆచార్యుడే కేకేశాడు.

సులోచన అప్పుడే నా పెట్టె మూత తీసింది. "వద్దు సార్" అనేలోగా నేను గాల్లోకి లేచాను. రాపిడికి విద్యుత్తు పుట్టిన ఆ శాలువా నన్ను లాక్కుంది. దుమ్మనుకొని నిపుణుడు దులపబోయాడు.

"కదలాకండి సార్!" ఫోర్సెప్స్ పట్టుకొని సులోచన ముందుకొచ్చింది.

"ఏమ్మా, పెద్దాయన మీద చెయ్యేస్తావా? దుమ్ముకింత రచ్చేంది?" అన్నాడు ఓబుళరెడ్డి.

"దుమ్ము కాదు సార్, నా థీసిస్."

సులోచన నన్ను పట్టి తీస్తే నాతోపాటు శాలువా పోగొకటి వచ్చింది. విడదీస్తే నేను చిరిగిపోతానని అలాగే ఉంచింది. ఇద్దరికీ బంగారం పూత పూసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పెట్టింది. తెరమీద నేను మంచుపొగలా పరుచుకున్నాను. పక్కన ఒక మొద్దు.

"పొర బ్రహ్మాండంగా ఉంది. ఈ మోకు ఏమిటమ్మా?" నిపుణుడు అడిగాడు.

ఆమె గురువు వైపు చూసింది. నిజం చెబితే గురువుతో చెడుతుంది. చెప్పకపోతే ఆ మొద్దు నా ఖాతాలో పడుతుంది.

"మీ శాలువా సార్."

"పట్టు ఇలా ఉంటుందా?"

"ఉండదు సార్. పట్టు ఆ పక్కనుండే పొర."

నిపుణుడు శాలువా తీసి, మడిచి, ఓబుళరెడ్డి చేతిలో పెట్టాడు.

"యంత్రం ఇక్కడే ఉండనివ్వండి."

ఓబుళరెడ్డి ముఖం క్షణంలో వెలిగింది. "రెండూ పక్కపక్కన పెట్టి చూపమని నేనే చెప్పినాను సార్!"

ఆ బొమ్మ ఇప్పుడు విభాగం గోడ మీద ఉంది. కింద ముందు ఆయన పేరు, తర్వాత ఆమె పేరు. నన్ను 'నమూనా' అన్నారు. పురుగును ఏమీ అనలేదు.