ఇగో అంటే ఎవరు?

పెళ్లయిన కొత్తలో భవానికి వచ్చిన కష్టం ఒక్కటే. మొగుణ్ణి ఏమని పిలవాలి?

డిగ్రీలో తనతో చదువుకున్న వర్ష వాళ్లాయనను హాయిగా పేరు పెట్టి పిలుస్తుంది. భవాని కూడా అలాగే పిలవాలనుకుంది. తీరా దేవరయాంజాల్ నుంచి దూలపల్లి అత్తగారింటికి వచ్చాక, అన్వేష్ అనే ఆ కాస్త పేరు గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుండిపోతోంది. అత్తమ్మ దుర్గాబాయి ఏమీ అనలేదు పాపం. కాకపోతే ఆమె నోట మామయ్య పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినలేదు. పోనీ "ఏవండీ" అందామంటే అన్వేష్‌కే నవ్వు.

"టీవీ సీరియల్ లెక్క పిలుస్తవేంది?" అంటాడు.

అందుకని పనిపడితే దగ్గరికి వెళ్లి భుజం మీద తట్టేది. అదీ బాగానే ఉంది. అసలు ఆ రోజుల్లో ఆమెకు బాగుండనిదంటూ లేదు. కుక్కర్ కూత బాగుంది. డాబా మీద ఒకే తాడుకు ఇద్దరి బట్టలూ ఊగుతుంటే ఇంకా బాగుంది.

అన్వేష్‌కు మేడ్చల్ దగ్గర మందుల కంపెనీలో ఉద్యోగం. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాడంటే అతని లోకం వేరు. "మబ్బులకోట" అని కొత్త వీడియో గేమ్ రాబోతోంది. హైదరాబాద్‌లోనే కొందరు కలిసి తయారు చేస్తున్నారు. రెక్కల గుర్రాలు, మాట్లాడే కొండలు, నిప్పులు కక్కే తాబేళ్లు. నిమిషం పాటు ఉండే ట్రైలర్ ఒకటి వదిలారు. దాని చివర్లో, ముసుగు కప్పుకున్న వీరుడు కోటగోడ మీద నిలబడి ఉంటాడు. గాలి హోరులో కింద నుంచి ఒక ఆడగొంతు "ఇగో!" అంటుంది. వీరుడు వెనక్కి తిరుగుతాడు. అంతే, తెర నల్లబడుతుంది. ఆ నలుపు మీద ఒక ప్రశ్న: ఈ వీరుడి పేరేమిటి? సరిగ్గా చెప్పినవాళ్లు ఆటలో ఒక పాత్రకు తమకిష్టమైన పేరు పెట్టుకోవచ్చు. మనిషికి ఒకే జవాబు.

అభిమానులంతా దాని మీద పడ్డారు. ఇగో అంటే అహంకారం, అహాన్ని గెలిచే వీరుడి కథ ఇది అని పుణె నుంచి ఒకతను పెద్ద వ్యాసమే రాశాడు. అన్వేష్‌దీ అదే మాట. కాదు, అది రష్యా పేరు ఇగోర్, చివరి అక్షరం గాలికి కొట్టుకుపోయింది అని శామీర్‌పేట రాఘవేందర్ వాదన. ఇతను అన్వేష్‌కు చిన్ననాటి స్నేహితుడు.

అందరికీ అది సరదా. అన్వేష్‌కు కాదు. అమ్మానాయినలు తెల్లారగానే పనికి పోతే అతణ్ణి పెంచింది వాళ్లవ్వ ఐలమ్మ. మనవడి పెళ్లి చూడాలని ఆశపడి, చూడకుండానే నిరుడు పోయింది.

"అవ్వ పేరు గా ఆటల పెట్టాలె భవానీ. ఏడేడోల్లో అవ్వను పేరు పెట్టి పిలుస్తరు" అన్నాడు పెళ్లయిన వారంలోనే. ఆ మాట అనేటప్పుడు అతని ముఖం చూసి, ఇలాంటివాడు నాకు దొరికాడా అని భవానికి కళ్లు చెమర్చాయి.

జవాబులకు గడువు ఆదివారం సాయంత్రం. మధ్యాహ్నమే రాఘవేందర్ దిగిపోయాడు. ఇద్దరూ ఫోన్లు ముందేసుకుని కూర్చున్నారు.

"నా మాటిను భయ్. ఇగోర్ అని కొట్టు."

"రష్యా నుంచి మబ్బులల్లకు ఎట్లచ్చిండు రా? సిటీ బస్సెక్కిండా?"

"నీ అహంకారం ఏ బస్సెక్కిందో గదే ఎక్కిండు."

అన్వేష్ నవ్వి, "అహం అనే అర్థం వచ్చే ఇగో" అని టైపు చేశాడు. పంపడమే తరువాయి. భవాని మిర్చీ బజ్జీల పళ్లెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి దుర్గాబాయి కేక వేసింది.

"ఇగో! జర గీ కొబ్బరికాయ కొట్టియ్యరాదు!"

"ఆఁ, వస్తున్న" అని వాకిట్లో పేపరు చదువుతున్న మామయ్య మైసయ్య లేచాడు.

భవాని ఉన్నచోటే ఆగిపోయింది. అదే విరుపు. 'ఇ' మీద చిన్న దెబ్బ, 'గో' మీద కాస్త సాగదీత. పదిసార్లు చూసిన ఆ ట్రైలర్‌లో ఉన్నది ఈ పిలుపే!

"ఇగో, ఆగుండ్రి! పంపకుండ్రి!"

అన్వేష్ గిరుక్కున వెనక్కి తిరిగాడు, అచ్చం ఆ కోటగోడ మీది వీరుడిలాగే. తన నోట వచ్చిన మాట చెవిన పడి భవానికి ముందు సిగ్గేసింది, తర్వాత నవ్వాగలేదు.

"అది పేరు గాదు. గా పిలిచినామె ఆ వీరుని పెండ్లాం!"

రాఘవేందర్ నోట్లో మిర్చి అలాగే ఉండిపోయింది. "రెక్కల గుర్రమెక్కి తిరిగెటోనికి సంసారమేంది వదినా?"

"ఎందుకుండొద్దు? సౌండ్ పెంచి ఒక్కపారి పెట్టుండ్రి."

అన్వేష్ సౌండ్ పెంచి ట్రైలర్ పెట్టాడు. గాలి హోరు, గుర్రాల సకిలింపు, చివర్లో గట్టిగా "ఇగో!"

"ఆఁ! ఏందే మల్ల? కొడుతున్న గదా!" వాకిట్లోంచి మైసయ్య అరిచాడు.

"నేనేడ పిలిచిన?" అంది దుర్గాబాయి వంటింట్లోంచి.

రాఘవేందర్ పొట్ట పట్టుకుని చాప మీద పడిపోయాడు. కొబ్బరిచిప్పలతో లోపలికొచ్చిన మైసయ్య, అందరూ తనను చూసి ఎందుకు నవ్వుతున్నారో తెలియక తానూ నవ్వాడు.

నవ్వులు సద్దుమణిగాక అసలు చిక్కు మిగిలింది.

"మరి పేరేంది?" అన్నాడు అన్వేష్ నెమ్మదిగా. "పేరు చెప్పుమంటే పేరు లేదని ఎట్ల రాస్త? ఒక్కటే జవాబు. తప్పయితే అవ్వ..."

భవాని ఈ ఇంటికొచ్చి నెల తిరగలేదు. ఆయన అంత ఆశ తన ఒక్క మాట మీద వేలాడుతోంది.

"పేరు నాకు తెల్వది. గామె మొగని పేరు పలుకలేదు. గదొక్కటి మాత్రం తెలుసు."

అన్వేష్ ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. టైపు చేసింది చెరిపేసి మళ్లీ రాశాడు: "పేరు ఇందులో లేదు. పిలిచినామె అతని భార్య. భర్త పేరు పలకదు కనుక, ఇదిగో అన్నట్టు, ఇగో అంది. మా ఇంట్లో అమ్మ నాయినను పిలిచినా ఇంతే. ఈ సంగతి కనిపెట్టింది నా భార్య భవాని." పంపేశాడు. తన పేరు ఆ జవాబులో చూసి, గెలిచినా గెలవకపోయినా నాకిది చాలు అనుకుంది భవాని. రాఘవేందర్ మాత్రం పట్టు వదలకుండా ఇగోర్ అనే పంపాడు.

బుధవారం సాయంత్రం అన్వేష్‌కు ఫోన్ వచ్చింది. స్పీకర్‌లో పెట్టాడు. ఆట కథ రాసిన అమ్మాయట, పేరు తేజస్వి.

"మా వీరునికి మేం పేరే పెట్టలేదన్నా. ఎవరు ఆడితే వాళ్లు పెట్టుకుంటరు. ఆ గొంతు మా అమ్మది, నాయినను గట్లనే పిలుస్తది. వచ్చిన జవాబులల్ల పేరు లేదన్నది మీదొక్కటే. ఇగ చెప్పుండ్రి, ఏం పేరు పెడదాం?"

అన్వేష్ నువ్వే చెప్పు అన్నట్టు ఫోన్ భవాని చేతిలో పెట్టాడు.

"ఐలమ్మ" అంది భవాని, స్పష్టంగా. "ఈయన అవ్వ."

"మంచిగున్నది వదినా. ఆటల ఏం పనియ్యాలె ఆమెకు? కత్తులమ్ముతదా, మందులిస్తదా?"

భవాని ఆ అవ్వను ఎన్నడూ చూడలేదు. అన్వేష్ వైపు చూసింది. అతను కళ్లు తుడుచుకున్నాడు.

"ఏం జెయ్యొద్దు. తొవ్వ పక్కన అరుగు మీద కూసోవాలె. ఓడిపోయినోడు మల్ల ఆమె దగ్గర్నే లేవాలె. 'తిన్నవా బిడ్డా? ఇంకోపారి ఆడుపో' అనాలె. గంతే."

ఆ మాటలను ఒక్కొక్కటే అందుకుని, అతను అన్నట్టే, అంత మెత్తగానే భవాని ఫోన్‌లో అప్పజెప్పింది. అవతల తేజస్వి రాసుకుంటూ ఉంటే, ఇలాంటి మనిషిని పెంచి తనకిచ్చిన ఆ అవ్వకు మనసులోనే దండం పెట్టుకుంది.