రంగు విరిగిన నీళ్లు

మూత లేని నీళ్లు కంటబడితే మా అమ్మ కుల్సుమ్‌బీకి చేతులు ఊరుకోవు. అది తెలిసి కూడా డాబా మీది తొట్టిని ఆమెకు అప్పజెప్పి వెళ్లానంటే, తప్పు నాదే.

గద్వాలలో మా అబ్బా హైదర్ పట్టునూలుకు రంగులు వేస్తాడు. మిగిలిన ఎర్రనీళ్లు మోరీలో కలిసి నేలలోకి ఇంకుతాయి. ఈ ఎండాకాలం పక్కింటి తిమ్మమ్మ బోరులో గులాబీరంగు నీళ్లు వచ్చాయి. శుక్రవారం లోపు దారి చూపకపోతే రంగుపని బంద్ చేయించాలని వాడకట్టు పెద్దలు తేల్చారు. హైదరాబాదులో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదువుతున్నదాన్ని, ఊరుకుంటానా? టైటానియం నానో పొడి పూసిన గాజు పలకలు తెచ్చి తొట్టిలో పరిచి, వాటి మీద ఆ ఎర్రనీళ్లు నింపాను. వాటికి ఎండ తగిలితే నీళ్లలోని రంగు విరిగిపోతుంది. నీళ్లు పూర్తిగా బాగుపడాలంటే మూడు రోజుల ఎండ కావాలి. పూచీ నాది అని అబ్బాకు మాటిచ్చి, దవాఖానలో ఉన్న మేనత్తను చూడటానికి వనపర్తి వెళ్లాను.

శుక్రవారం పొద్దున వచ్చి చూస్తే తొట్టి మీద దళసరి గోనెపట్టా, నాలుగు మూలలా ఇటుకలు. కింద నీళ్లు ఎర్రగా అట్లాగే ఉన్నాయి.

“అమ్మీ, ఎందుకు కప్పినవ్?”

“పిట్టలు పడి సస్తయ్ గద బేటా! నీళ్లను గట్ల తెరిచి ఇడుస్తరా ఎవరన్న?”

ఏడుపొచ్చింది. పట్టా లాగి పారేశాను. జుమా నమాజు తర్వాత పెద్దలొస్తారు. ఇంకా ఐదు గంటల వ్యవధే ఉంది. మబ్బు అడ్డం వచ్చినప్పుడల్లా తలెత్తి ఆకాశం చూశాను. రెండున్నరకల్లా నీళ్లు నిజంగానే తేటబడ్డాయి. అప్పుడు పట్టుకుంది అసలు భయం. కంటికి కనిపించే రంగు ముందు పోతుంది, అది విరగ్గా మిగిలిన కనిపించని ముక్కలు నీళ్లలోనే ఉంటాయి. అవి పోవాలంటే ఇంకా ఎండ పడాలి. ఆ మాటంటే అబ్బా పని ఆగిపోతుంది. సిగ్గు లేకుండా నోరు మూసుకున్నాను.

పెద్దలతో వచ్చిన తిమ్మమ్మ తొట్టిలోకి వంగి చూసింది.

“తేటగైతే అయినయ్. తాగొచ్చునా హైదరన్నా?”

“నా బిడ్డ బాగుచేసిన నీళ్లు. ఎందుకు తాగొద్దు?” అంటూ అబ్బా గ్లాసు ముంచి నోటిదాకా తెచ్చాడు.

చెయ్యెత్తి కొట్టాను. గ్లాసు ఎగిరిపడింది.

“వద్దబ్బా! రంగే పోయింది, విషం ఇంకా ఉంది.”

తిమ్మమ్మ మొహం పాలిపోయింది. “మా బోరుల రంగు కనవడనప్పుడల్ల పిల్లలకు తాపిన గద బిడ్డా...”

అబ్బా మెట్లు దిగి, రంగు మరుగుతున్న డేగిసా కింది మంట తానే ఆర్పేశాడు.